ముందు తాడు లాగి చూడాలి

1934 చలికాలంలో, కెనడాలోని క్యూబెక్ ప్రాంతపు వాల్‌కూర్ ఊళ్లో జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుకు జబ్బుచేసి చనిపోయాడు. దారులు మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లే వీలు లేకపోయింది. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆ తండ్రి పట్టు వదల్లేదు. 1937లో ఏడుగురు కూర్చునే బండి తయారుచేశాడు. 1959లో తేలికైన చిన్న ‘స్కీ-డూ’ని అమ్మకానికి తెచ్చాడు. కొట్టాల్లో మూలపడ్డ పాత స్నోమొబైల్‌ని బాగుచేసేవాళ్లు ఆ పట్టుదలను కూడా కాపాడుతున్నారు.

అలాంటి పాత బండి కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకూడదు. ముందు స్టార్టర్ తాడు పట్టుకుని మెల్లగా లాగాలి. చేతికి గట్టిగా ఎదురు తగిలితే పిస్టన్, రింగుల మీద ఆశ పెట్టుకోవచ్చు. బావిలో చేద జారినట్టు తేలిగ్గా వచ్చేస్తే కంప్రెషన్ పోయినట్టే. అసలు కదలకపోతే పిస్టన్ పట్టేసిందేమో, బలవంతం పనికిరాదు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని రోజులు ఆగాలి.

తర్వాత వెనక భాగం పైకెత్తి, రబ్బరు ట్రాక్‌ను చేత్తో తిప్పుతూ అంగుళం అంగుళం పగుళ్లు వెతకాలి. అరుదైన మోడల్‌కి సరిపడే ట్రాక్ దొరకడం చాలా కష్టం. కొత్తగా ఈ పనికి దిగేవారికి 1971 నుంచి 1996 దాకా తయారైన స్కీ-డూ ‘ఎలాన్’ మంచి ఎంపిక.

ఈ పాత బండ్లలో చాలావాటి ఇంజన్లు రాజ్‌దూత్, ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకి పరిచయమైన టూ-స్ట్రోక్ రకమే. పెట్రోల్లో ఆయిల్ కలపాలి. ఫ్లైవీల్ కింద ఉండే ఇగ్నిషన్ పాయింట్లకు పట్టిన మసిని శుభ్రం చేసి, సందు సరిచూడాలి. కార్బురేటర్‌లో బిరుసెక్కిన పల్చటి డయాఫ్రమ్ మార్చాలి. ఎక్కువమంది తప్పు చేసేది క్రాంక్ సీళ్ల దగ్గర. బండి స్టార్టయింది కదా అని వాటిని వదిలేస్తారు. ఎండిపోయిన సీలు గాలిని లోపలికి లాగుతుంది. గాలితో పోలిస్తే పెట్రోలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ కాలిపోతుంది. కాసేపు నడిపాక ప్లగ్గు తీసి చూస్తే సంగతి తెలుస్తుంది: గోధుమరంగు మంచిది, నలుపైతే పెట్రోలు ఎక్కువ, తెలుపైతే వెంటనే ఆపాలి.

చివరిది రంగు. వెలిసినా స్కీ-డూ పాత పసుపు రంగు నిలిచి ఉంటే దాన్ని గీకేయకండి. ట్రాక్, సీళ్లు, బ్రేకులు కొత్తవి వెయ్యవచ్చు. ఫ్యాక్టరీలో పడిన ఆ రంగును మళ్లీ ఎవరూ వెయ్యలేరు. అన్నీ సరిచేశాక బండిని గుడ్డ కప్పి దాచకండి. మంచు పడగానే బయటికి తీసి నడపండి. అది పుట్టిందే అందుకు.