దేవుడైన జైలరు

ఈ మధ్య కొత్త కథకులు రాస్తున్న జైలు కథల్లో దయగల జైలరు తరచుగా కనిపిస్తున్నాడు. మొండి ఖైదీకి ఓ పుస్తకం ఇస్తాడు. ఖైదీ కన్నీళ్ళు పెట్టుకుంటాడు, మారిపోతాడు. ఈ జైలరుకు తాత ఎవరో నాకు తెలుసు. 1957లో శాంతారాం తీసి, తానే నటించిన ‘దో ఆంఖే బారా హాత్’లోని ఆదినాథ్.

ఆ చిత్రం గొప్పదే, సందేహం లేదు. హత్యలు చేసిన ఆరుగురిని జైలరు బీడుభూమికి తీసుకుపోయి సేద్యంలో పెడతాడు. వాళ్ళు కూరగాయలు పండించి, దళారీ లేకుండా చవకగా అమ్ముతారు. వ్యాపారులు వాళ్ళను చావగొట్టిస్తారు. నా దృష్టిలో చిత్రం మొత్తానికీ బలమైన ఘట్టం యిదే. ఖైదీ మనసు మారినంత మాత్రాన బజారు మారదు. కాని శాంతారాం ఈ సత్యం దగ్గర నిలబడలేకపోయాడు. ఆంబోతుతో పోరాడి జైలరు ప్రాణం విడుస్తాడు. ఇక అతని రెండు కళ్ళే వాళ్ళకు కాపలా. గోడ పోయింది గాని కావలి పోలేదు. 1976లో ఎన్.టి. రామారావు నాయకుడుగా ఈ కథే తెలుగులోకి వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘మా దైవం’. మనవాళ్ళు గుట్టు దాచుకోలేదు!

కరుణ వద్దని నేననడం లేదు. చిత్రానికి ప్రేరణగా చెప్పే స్వతంత్రపూర్, 1939లో ఔంధ్ సంస్థానంలో ఏర్పడిన గోడలులేని జైలు. పోలండు నుంచి వచ్చిన గాంధేయుడు మారిస్ ఫ్రీడ్‌మన్ ఆలోచన అది. ఖైదీలు అక్కడ భార్యాబిడ్డలతో ఉంటూ సేద్యం చేసుకుంటారు. ఒక మంచివాడి కరుణ ఏర్పాటుగా మారింది కనుకనే అతని తర్వాత కూడా నిలిచింది.

చదువు సంగతీ అంతే. బుర్సా జైలులో నాజిం హిక్మెత్ తోటి ఖైదీ ఓర్హాన్ కెమాల్‌ను కవిత్వం నుంచి వచనంలోకి మళ్ళించాడు. బాలబాన్ అనే రైతుబిడ్డ ఆయన దగ్గరే చిత్రకారుడయ్యాడు. గురువు జైలరు కాదు, ఖైదీయే. మంచి అధికారి చేయగలిగింది వేరు. చదువు వచ్చినవాణ్ణి రానివాళ్ళ మధ్య కూచోనివ్వడం, రాత్రి మరో గంట దీపం ఉంచడం, పరీక్షనాడు పనికి తోలకపోవడం, దరఖాస్తును ఫైళ్ళకింద తొక్కిపెట్టకపోవడం. కన్నీళ్ళు తెప్పించని పనులు కాబట్టి కథల్లోకి రావు.

పై అధికారికి దయ లేకపోతే? బొంబాయిలో డిటెన్యూగా ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి అణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాశాడు. వ్రాతప్రతిని అచ్చుకు పంపనివ్వమంటే ప్రభుత్వం నిరాకరించింది. పంపుకోవచ్చునని 1965లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో ఏ అధికారి హృదయమూ కరగలేదు. అతని పుస్తకానికి ఆ అవసరమూ లేకపోయింది.

మన కథకుల జైలరుకు వచ్చే నెల బదిలీ అయితే ఆ ఖైదీ చేతిలో పుస్తకం ఉంటుందా, కొత్త జైలరు లాక్కుంటాడా? నేను చదివిన కథల్లో ఇంతవరకు ఒక్క జైలరుకూ బదిలీ కాలేదు.