'పెద్ద కెమెరా' అన్న పోలిక ఎంతవరకు సరైనది?

సీఎంఎస్ శోధకాన్ని "పెద్ద కెమెరా" అంటుంటారు. తొలి పరిచయానికి ఈ పోలిక చాలు. శోధకం నవీకరణను వివరించేటప్పుడు మాత్రం ఇది విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది.

జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్ గుత్తులు సెకనుకు సుమారు 4 కోట్లసార్లు ఎదురుపడతాయి. అంత సమాచారాన్ని దాచలేం. 'ట్రిగ్గర్' అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మొదటి అంచెలో దాదాపు లక్ష ఘటనలనే ఉంచుతుంది. ఒక్కో నిర్ణయానికి గడువు 4 మైక్రోసెకన్ల లోపే. మీరు తిరుమలాయపాలెం నుంచి ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లి ఉంటే, గుప్పెడు కాయలు చూసి బస్తా ధర తేల్చే వ్యాపారి గుర్తుకొస్తాడు. అయితే అక్కడ నచ్చని బస్తాను ఇంటికి తెచ్చుకోవచ్చు. ట్రిగ్గర్ వదిలేసింది మళ్లీ దొరకదు.

హై-ల్యూమినాసిటీ దశలో గుత్తులు ఎదురుపడిన ప్రతిసారీ 140 నుంచి 200 అభిఘాతాలు ఒకదానిపై ఒకటి పడతాయి. పాత పరిమితితోనే ఉంటే పనికొచ్చేవీ పోతాయి. అందుకే గడువును 12.5 మైక్రోసెకన్లకు, ఎంపికను సెకనుకు 7.5 లక్షలకు పెంచుతున్నారు. కణాల జాడలనూ ఈ అంచెలోనే పరిశీలిస్తారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ ప్రయోగంలో సభ్యసంస్థ. ఆ గర్వం చెప్పుకోవలసిందే. కాని అసలు చిక్కు కూడా చెప్పాలి: ఎవరూ ఊహించని కణం పుట్టినా, దాన్ని పట్టే నియమం ముందే రాసి లేకపోతే, అది మొదటి అంచెలోనే జారిపోవచ్చు. కెమెరా పోలికలో ఈ ప్రమాదానికి చోటే లేదు.