పసుపంటిన స్టీరింగు

కేసముద్రం మార్కెట్‌కు పసుపు వచ్చే రోజుల్లో యార్డు బయట ఆగిన బండ్ల స్టీరింగు చూస్తే చాలు, లోపల ఏ పంట కాంటా మీద ఉందో తెలిసిపోతుంది. కొమ్మును విరిచి లోపలి రంగు చూసిన చేతులతోనే కారెక్కుతారు. మా బావ అడ్తి వ్యాపారి. ఆయన కారు స్టీరింగుకు మూడేళ్ళ కింద తొడిగిన రెక్సిన్ కవరును ఈమధ్యే వాటర్ సర్వీసింగు షెడ్డులో కోసి తీయించాడు. కింద అసలు తోలు నల్లగా మెరుస్తూ, వేలు ఆనిస్తే అంటుకుంటోంది. దాని కుట్టు దారం ఒకప్పుడు తెలుపట. ఇప్పుడు మంచి గుమ్మడిపువ్వు రంగు.

షెడ్డు అబ్బాయి వెంటనే పనిలోకి దిగలేదు. చక్రాన్ని ఇటూ అటూ తిప్పి, కుట్టు వెంట గోరు నడిపి చూశాడు. ఎక్కడా దారం తెగలేదని తెలుసుకున్నాకే బ్రష్షు పట్టాడు. ఆ కుట్టును అంతసేపు ఎందుకు చూశాడో స్టీరింగు తయారీ తెలిస్తే అర్థమవుతుంది.

లోపల తేలికైన లోహపు చట్రం ఉంటుంది. దాని చుట్టూ గట్టి నురగ పోస్తారు. ఆ నురగ మీదికి తోలు ఎక్కుతుంది. మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. చెప్పడానికి తేలికే గానీ చిక్కంతా చుట్టడంలోనే ఉంది. చక్రం అడ్డకొలత 37 సెంటీమీటర్లు, పట్టుకునే కడ్డీ మందం 3 సెంటీమీటర్లు అనుకుందాం. బయటి చుట్టు 116 సెంటీమీటర్లు వస్తుంది, లోపలి చుట్టు 97 మాత్రమే. తిన్నగా కోసిన ఒకే పట్టీ బయట సాగాలి, లోపల దగ్గరపడాలి, ఎక్కడా ముడత రాకూడదు. తోలులోని పీచు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది కాబట్టి ఇది సాధ్యమవుతుంది. అందుకే తోలును అవసరం కన్నా కాస్త చిన్నగా కోసి, లాగి బిగిస్తారు.

రెండు అంచులూ చక్రం లోపలి వైపు కలుస్తాయి. చాలా చక్రాల్లో ముందుగా ఒక్కో అంచు వెంట మిషన్‌తో ఒక వరస కుట్టేసి ఉంచుతారు. తర్వాత చేత్తో కుట్టేవాళ్ళు సూదిని తోలులో గుచ్చరు, ఆ వరసలోని దారం కిందుగా దూరుస్తారు. ఒకసారి ఈ అంచు, ఒకసారి ఆ అంచు, ప్రతి కుట్టుకూ ఒకే లాగుడు. బిగువంతా దారం మీద దారమే మోస్తుంది, తోలుకు చిల్లు సాగి చిరిగే భయం ఉండదు. ఎవరో ఎక్కడో ఫ్యాక్టరీలో కూర్చుని చేత్తో వేసిన ఆ కుట్లను దగ్గరగా చూస్తే వరి నాటిన మడి గుర్తొచ్చింది నాకు. ఏ రెండు కుట్ల మధ్యా ఎడం మారలేదు.

బావ అప్పటికే ఇంటి నుంచి ఆముదం సీసా తెచ్చి పెట్టుకున్నాడు. తోలుకు నూనె పట్టించాలన్నది మన పాత జ్ఞానం, అది తప్పు కూడా కాదు. మన ఊళ్ళలో తోళ్ళను సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్క రసం తాగించి పదును చేసేవారు. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందుతున్న తంగేడు, అంతకు ఎన్నో తరాల ముందే చెప్పునూ మోటనూ నిలబెట్టింది. ఆ తోలు మీద పైపూత లేదు. నీళ్ళలో మునిగి ఎండలో ఆరే మోటకు లోపలి నూనె పోతుంటుంది, ఆముదం రాస్తే పీచు మళ్ళీ తాగుతుంది. మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1903లో క్రోము లవణాలతో తోలు పదును చేసే ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు, దానితో చేయదలచినవాటిలో బావి మోట కూడా ఉంది.

చాలా కార్లలో వాడేది ఆ క్రోము పద్ధతి తోలే. చెట్ల రసంతో పదునైన తోలు తడిగా ఉన్నప్పుడు 75–85 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది, క్రోము తోలు ఇంచుమించు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అయితే మన చెయ్యి నిజానికి తోలును తాకదు. పైన రంగు పూత, దాని మీద పారదర్శకమైన పాలియురిథేన్ పూత ఉంటాయి. రెండూ కలిపినా ఇంచుమించు ఒక వెంట్రుక మందం. ఆముదం ఆ పూత దాటి లోపలికి దిగదు. పైనే నిలిచి, చెమటనూ దుమ్మునూ పట్టుకుని జిగురవుతుంది. కవరు కింద చెమటా దుమ్మూ కలిసి పట్టిన అలాంటి జిగురునే బావ తోలు మెరుపు అనుకున్నాడు. శుభ్రంగా ఉన్న స్టీరింగు తోలు మెరవదు, మసక నలుపులో ఉంటుంది.

"సబ్బు నీళ్ళతోని కడిగితే పోదా?" అన్నాడు బావ. అబ్బాయి జవాబు చెప్పలేదు. బట్టల సబ్బును తడి వేలికి రాసుకుని, చక్రం అడుగున ఎవరికీ కనపడని చోట దారానికి అద్దాడు. చూస్తుండగానే పసుపు దారం ఎర్రబడింది.

"కుంకుమ ఇట్లనే గద సేటూ చేసేది," అన్నాడు.

పసుపుకు సున్నం తగిలితే పారాణి ఎరుపు వస్తుందని మన ఇళ్ళలో తెలియనిదెవరికి? బట్టల సబ్బులో క్షారం ఉందని ఆ ఎరుపే చెప్పింది. తోలు స్వభావం ఆమ్లం వైపు ఉంటుంది. క్షారం పూతను దెబ్బతీస్తుంది, పగుళ్ళలోంచి దిగితే పీచును ఉబ్బిస్తుంది. అబ్బాయి మామూలు నీళ్ళ గుడ్డతో తుడవగానే దారం మళ్ళీ పసుపుకు తిరిగింది. పరీక్షశాలలో కాగితం ముక్క చెప్పే సంగతిని ఇక్కడ స్టీరింగే చెప్పడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

తర్వాత అసలు పని. ముందు పొడి కుంచెతో కుట్టు సందుల్లోని దుమ్ము రాల్చాడు. తడి ముందు తగిలితే ఆ దుమ్ములోని ఇసుకే గరుకు కాగితమై పూతను గీస్తుంది. ఆమ్లమూ క్షారమూ కాని తోలు క్లీనర్‌ను గిన్నెలో నురగ చేసి, నురగను మాత్రమే మెత్తని బ్రష్షుతో తీసుకున్నాడు. చక్రం మీద నేరుగా చల్లితే హారన్, బటన్ల సందుల్లోంచి కరెంటు భాగాల్లోకి దిగుతుంది. గడియారంలో పది గంటల చోటు నుంచి మొదలుపెట్టి, బెత్తెడు మేర చిన్న చిన్న సున్నాలు చుడుతూ, నురగ ఆరకముందే తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేశాడు. కుట్టు దగ్గరికొస్తే చెయ్యి తీరు మారిపోయింది. దారం పోయే దారిలోనే బ్రష్షు నడిచింది, అడ్డంగా ఒక్కసారి కూడా పోలేదు.

ప్రతి తుడుపుకూ గుడ్డ మడత విప్పి వెలుగులో చూస్తున్నాడు. ఎందుకని అడిగాను. "మురికి బూడిదరంగుల వస్తది సార్. నల్లగొస్తే అది చక్రం రంగు. అప్పుడిక చెయ్యి ఆపాలె." బొటనవేళ్ళు ఆనే పది, రెండు గంటల చోట్ల పూత అప్పటికే పలచబడింది. అక్కడ రెండు తుడుపులకే ఆపేశాడు. మిగతా చోట నాలుగు పట్టాయి. నాకైతే పనితనమంతా ఆ ఆపడంలోనే కనిపించింది.

నీడలో ఆరాక చక్రం మసకబారింది, వేలికి పొడిగా, తోలుగా తగిలింది. చివరగా నీటి ఆధారంగా చేసిన రక్షణ ద్రవాన్ని గుడ్డకు నాలుగు చుక్కలు పట్టించి పలచగా తుడిచి, కాసేపాగి పొడిగుడ్డతో మిగులు తీసేశాడు. డ్యాష్‌బోర్డు పాలిష్ స్టీరింగుకు రాయొద్దన్నాడు, మలుపులో చెయ్యి జారుతుంది. కరోనా నాటి నుంచి కార్లలో ఉంటున్న శానిటైజర్ చేతి మీద ఆరేదాకా చక్రం పట్టొద్దన్నాడు, అందులోని ఆల్కహాలు పూతను మెత్తబరుస్తుంది. వారానికోసారి తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే ఇంత పని మళ్ళీ పడదు. కవరు మాత్రం వద్దే వద్దు, చెమటను కింద బంధిస్తుంది.

దారంలో మాత్రం లేత పసుపు మిగిలింది. అదీ తీసేయమని బావ పట్టుబట్టాడు. అబ్బాయి బ్రష్షు కడిగి గోడకు తగిలించేశాడు.

"రుద్దితే దారం లేస్తది సేటూ. పొద్దటి ఎండ తగిలేటట్టు బండి పెట్టు. పసుపును ఎండ తినేస్తది."

పసుపు రంగు వెలుతురుకు నిలవదు, ఆరేసిన తెల్ల పంచె మీది పెళ్ళి మరకలాగే. మరుసటి వారం వెళ్ళి చూశాను. అద్దం వైపున్న కుట్లు తెల్లబడ్డాయి. నీడ పడే అడుగు కుట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. బావ చక్రాన్ని సగం తిప్పి, ఆ కుట్లు ఎండకొచ్చేలా పెట్టి, యార్డులోకి వెళ్ళాడు.