చిటికెనవ్రేలి చోటు

పాపఘ్నీ నది శేషాచలపు కొండలను రెండుగా చీల్చుకొని పోవు గండియందు వెలసిన వీరాంజనేయస్వామికి ఎడమచేతి చిటికెనవ్రేలు కొఱవడినదనుట మా పులివెందుల ప్రాంతమున పసిపిల్లలు సైతము ఎఱిగిన కథ. శ్రీరాముడు బాణపు మొనతో కొండరాతిపై ఆంజనేయుని రూపమును లిఖించెననియు, ఆ యొక్క వ్రేలు మాత్రము తీరక మిగిలెననియు, పిదప దానిని ఉలితో సరిచేయబోగా శిలనుండి రక్తము వెడలెననియు స్థలపురాణము చెప్పును. శ్రావణ శనివారములలో అచటికి పోయి స్వామిని సేవించి వచ్చుట నాకు చిరకాలపు అలవాటే యైనను, ఆ చిటికెనవ్రేలిని గూర్చి తీరికగా ఆలోచింపవలసి వచ్చుటకు కారణము మాత్రము నా భక్తి కాదు. అంగీజేబులో పట్టునంతటి చిన్న కెమేరా యొకటి.

గడచిన శ్రావణమున ఏటి యొడ్డున, అప్పుడే తలనీలాలిచ్చి వచ్చిన మనుమని బోడిగుండుపై గంధము రాయుచున్న అవ్వ యొకతె కంటబడినది. పిల్లవాడు చలువకు కన్నులు మూసికొనియున్నాడు, అవ్వ నవ్వుచున్నది. ఆ నవ్వు చెదరకమునుపే పట్టవలెనను తొందరలో జేబులోని కెమేరాను ఒంటిచేత తీసి ఎత్తబోగా, చెమటపట్టిన వ్రేళ్లనుండి అది చేపవలె జారిపోయినది. ఎడమచేయి అడ్డుపడి దానిని ఱొమ్మునకు అదుముకొనుటచే రాతిపై పడలేదు గాని, చిత్రము మాత్రము దక్కలేదు. ప్రక్కన కొబ్బరికాయలు అమ్ముకొనుచున్న యతడు జరిగినదంతయు చూచి, "యాడ పట్టుకోవాల సారూ దాన్ని? సబ్బుబిళ్ల మాదిరుండాది గదా!" అనెను.

ఆ మాటకు మనస్సు కొంత చివుక్కుమన్నను, ఇంటికి వచ్చి దీపము క్రింద కూర్చుండి పరీక్షింపగా అందు అసత్యమేమియు కానరాలేదు. కుడిచేతి చూపుడువ్రేలు మీటపై నుండవలెను; బొటనవ్రేలు వెనుక తెరప్రక్కన నిలువవలెను; నడిమివ్రేలు ముందువైపు ఆనవలెను; ఉంగరపువ్రేలికి సగము తావే దొరకును; చిటికెనవ్రేలికి ఆ పెట్టెపై చోటే లేదు. అరచేయి యంతయు కలిసి మోయవలసినదానిని మూడు వ్రేళ్ల కొనలు మోయుచున్నవి. నునుపైన లోహము జాఱునను భయముచే మనము దానిని మఱింత నొక్కిపట్టుదుము. నొక్కినకొలది కండ బిగియును, బిగిసినకొలది చేయి వణకును, చేయి వణకినచో చిత్రము మసకబాఱును. 2012లో సోనీ వారు వెలువరించిన ఆర్‌ఎక్స్‌100 ఈ జాతికంతకు నమూనా వంటిది: బ్యాటరీయు కార్డును కలిపి 240 గ్రాములు, పొడవు ఇంచుమించు 102 మిల్లీమీటర్లు, ఎత్తు 58. సామాన్యుని నాలుగు వ్రేళ్లు ప్రక్కప్రక్కన చేర్చి కొలిచినచో ఆ యెత్తును మించిపోవును. దాని ముందుభాగము చదునుగా నుండుటచే, అంటించుకొనుటకు వీలైన పట్టు నొకదానిని ఆ సంస్థయే వేఱుగా అమ్ముచున్నది. రికో వారి జీఆర్ వంటివి కొన్ని మాత్రము కుడివైపున గుబ్బతోనే పుట్టినవి. వానిని కొన్నవారు ఈ వ్యాసమును సగము విడిచి చదువవచ్చును.

పనిముట్టునకు పిడి అమర్చుట మన పల్లెలకు క్రొత్త విద్య కాదు. నా చిన్ననాట గొడ్డలికి కామ వేయించుటకు మా తాతవెంట వడ్లాయన కొట్టమునకు పోయినప్పుడు, ఆయన మొదట గొడ్డలిని చూచెడివాడు కాడు, "ఎవురికి?" అని యడిగి, వాడుకొను మనిషి అరచేతిని చూచెడివాడు. కోతకు పోవు ఆడవారి కొడవలి పిడి సన్నము. చీనీతోటలో పాదులు తీయువాని పారకామ పొడవు, లావు. ఇనుము అందఱకు నొక్కటియే, కఱ్ఱ మాత్రము ఎవరిది వారిదే. కెమేరాలను చేయు మహాసంస్థలు కోట్ల చేతులకు ఒకే పెట్టెను పంపుచుండగా, చేతిని చూచి పిడి అమర్చు వడ్లాయన పని మన కొఱకు మిగిలిపోయినది. అంగళ్లలో అట్టి పిడిని గ్రిప్పు అందురు.

ఆ గ్రిప్పు కొఱకు ప్రొద్దుటూరు పోయితిని. బంగారపు అంగళ్ల వీధులను దాటి, ఒక కెమేరాల దుకాణమున అడుగగా, అచటి కుఱ్ఱవాడు నల్లని రబ్బరుముక్క నొకదానిని చూపి "ఇది యూనివర్సల్ సార్, అన్నిటికీ సరిపోతాది" అనెను. అన్నిటికి సరిపోవునది దేనికిని సరిగా సరిపోదని నేను ఎఱుగనివాడను కాను గాని, అంతదూరము వచ్చితిని గదా యని కొంటిని. అది అంటించుకొనునది. మాఘమాసపు చల్లదనములో చక్కగా నిలిచినది. ఎండలు 40 డిగ్రీలు దాటిన పిమ్మట, ఒకనాడు కారు అద్దము క్రింద మఱచిపోయిన కెమేరాను తీసి చూడగా, జిగురు కరగి, గ్రిప్పు అంగుళములో మూడవవంతు క్రిందికి జాఱి, గీచిన నామము చెదరినట్లు వంకరగా నున్నది. ప్రొద్దుటూరి స్వర్ణకారులు నగను చెక్కుటకై కఱ్ఱకొనపై లక్కను వేడిచేసి అందు దానిని పొదుగుదురు. పని ముగిసిన పిమ్మట మరల వేడిచేసి ఊడదీయుదురు. వేడికి వదలుట వారి లక్కకు గుణము, నా జిగురునకు దోషము. అయినను తప్పులో సగము నాదే. అంటించుటకు ముందు ఆ తావును స్పిరిటుతో తుడిచి చేతిజిడ్డు పోగొట్టవలెను; అంటించిన పిమ్మట ఒక పగలు, ఒక రాత్రి ముట్టకుండ ఉంచవలెను. నే నా రెండును చేయలేదు. పాత జిగురును పెఱుకుటకు మాత్రము కత్తి పనికిరాదు. కొంచెము వెచ్చజేసి, గట్టి దారమును సందున దూర్చి రంపమువలె లాగినచో, రంగు చెడకుండ ఊడివచ్చును.

రెండవమాఱు కొనుటకు ముందు వడ్లాయనను తలచుకొని ఒక చిన్న ప్రయోగము చేసితిని. కెమేరాను పలుచని ప్లాస్టిక్కు కవరులో చుట్టి, ముందువైపున నిమ్మకాయంత చపాతీపిండి ముద్దను అదిమి, కన్నులు మూసికొని, ఎప్పటివలె పట్టుకొంటిని. వంటింటినుండి నా భార్య చూచి, "దానికి గూడా ఆకలైతాందా?" అని యడిగినది. ముద్దపై పడిన గుంట నాకు ఎఱుకలేని సంగతి నొకదానిని తెలిపినది: నా నడిమివ్రేలు నేను తలచిన చోట గాక, మీటకు చాల దగ్గఱగా, ఏటవాలుగా ఆనుచున్నది. నిలువుగా నుండు గ్రిప్పులన్నియు నాకు నిరుపయోగములని అప్పుడు తెలిసినది. కావలసినది పెద్ద పిడి గాదు. వ్రేలి కణుపునకు అడ్డుగా నిలుచు సన్నని అంచు మాత్రమే. ఎనిమిది మిల్లీమీటర్లకు మించి ముందుకు పొడుచుకొనివచ్చు గ్రిప్పును బిగించినచో కెమేరా జేబులో పట్టదు. జేబులో పట్టని చిన్నకెమేరా పెద్దకెమేరాకంటె హీనము, ఏలయనగా దాని చిత్రము పెద్దదానితో సమము కాదు, దాని సౌకర్యము చిన్నదానితో సమము కాదు. ఈ పిండిప్రయోగమునకు పది రూపాయలైనను వ్యయము కాదు గనుక, ఎవరైనను చేసి చూడవచ్చును.

ఇక ప్లేటు, అనగా కెమేరాను స్టాండుపై నిలుపుటకై దాని అడుగున మరతో బిగించు పలక. ఈ మాట యెత్తగానే గండికోట జ్ఞప్తికి వచ్చును. పులివెందులనుండి ముద్దనూరుమీదుగా జమ్మలమడుగు చేరి, అచటినుండి మఱి పదునైదు కిలోమీటర్లు పోయినచో, పెన్న ఎఱ్ఱమల కొండలను కోసికొని పోవు ఆ లోయ కనబడును. మా జిల్లాలో ఒక యేఱు కొండను చీల్చిన చోట దేవుడు వెలసెను, ఇంకొక యేఱు చీల్చిన చోట కోట వెలసెను. ఆ రెండేళ్లును కమలాపురము దగ్గఱ కలిసికొనును. 1652లో రత్నవ్యాపారమునకై వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను ఈ కోటలోనే కలిసికొన్న తావెర్నియే అను ఫ్రెంచి వర్తకునకు ఆ లోయగాలి ఎట్లు తోచెనో కాని, నాకు మాత్రము అది శత్రువువలె తోచినది. ఉషఃకాలమున స్టాండు నిలిపి, లోయను అడుగునుండి ఆకాశము దాక ఒక్క చిత్రమున నిలుపవలెనని కెమేరాను నిలువునకు త్రిప్పితిని. మూడు మాఱులు తీసితిని. మూడింటను దిగంతము ఒక్కొక్క వాలున నున్నది! కెమేరా తన బరువుకే, గాలికే, ప్లేటుపై మెల్లమెల్లగా తిరుగుచుండెను. మరను వ్రేలితో బిగించియుంటిని, అది చాలదు. మరతలలోని గాడిలో రూపాయి బిళ్లను పెట్టి త్రిప్పవలెను.

కాని బిగించుట యొక్కటియే విరుగుడు కాదు. ప్లేటు ఒక్క మరపైననే నిలుచునది గనుక, అది తిరుగకుండ ఆపుటకు వెనుకవైపున గోరంత యెత్తున అంచు నొకటి ఉండవలెను. ఆ అంచు కెమేరా వీపునకు ఆనియుండగా మర సడలినను పెట్టె తిరుగజాలదు. పెద్దకెమేరాలకు చేసిన ప్లేట్లను చిన్నవానికి బిగించినచో ఆ అంచు తెరకు అడ్డమువచ్చును. అంతకంటె ఘోరము, చిన్నకెమేరాలలో మరరంధ్రమును బ్యాటరీ మూత సరసననే పెట్టుదురు. వెడల్పైన ప్లేటు దానిని కప్పివేయును. బ్యాటరీ అయిపోయిన ప్రతిమాఱు ప్లేటు విప్పి, మరల బిగింపవలసివచ్చును. సూర్యుడు పైకి వచ్చుచుండగా నేలపై కూర్చుండి రూపాయి బిళ్లకై జేబులు తడవుకొను దశ పగవానికైనను వలదు.

ఆ దశ తప్పించుకొనుటకై ప్లేటు నొకదానిని నేనే చేయింప సంకల్పించి, మా యూరిలో బోరుమోటర్ల పనులు చేయు లేతు షాపునకు పోయితిని. యజమాని రంధ్రములోనికి టార్చి వేసి చూచి, "పావించి మర అయివారూ. బోల్టు నా దగ్గర ఉండాది గానీ, పొడుగెక్కువ. కోసిచ్చా" అనెను. కెమేరాల మర ప్రపంచమంతట పావంగుళమే, అంగుళమునకు ఇరువది చుట్లు. మన హార్డ్‌వేరు దుకాణములలోని పాత పావించి బోల్టు 1841లో విట్‌వర్త్ అను ఆంగ్లేయుడు ప్రతిపాదించిన కొలతలకు చెందినది. దాని పంటికోణము 55 డిగ్రీలు, నేటి కెమేరాలది 60. చుట్లు సమానము గనుక ఒకదానిలో ఒకటి ఇముడును. ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు మాత్రము పైకి అటువంటిదే యైనను, దాని చుట్టు ఒక మిల్లీమీటరు, దీనిది 1.27; బలవంతముగ త్రిప్పినచో రంధ్రపు మర అరగిపోవును. పొడవు విషయమున జాగ్రత్త మఱింత కావలెను. 5.5 మిల్లీమీటర్లకంటె తక్కువ పొడవుగల మరనే వాడుడని సోనీ వారి పత్రములలో వ్రాసియుందురు. లేతువానికి నేను అయిదని చెప్పితిని. ఆయన కోసి, ఆకురాయితో కొన నునుపుజేసి, యిరువది రూపాయలు పుచ్చుకొనెను.

ప్లేటు అడుగుభాగము ఆర్కా-స్విస్ వాటముగా, అనగా ఇంచుమించు 38 మిల్లీమీటర్ల వెడల్పున, రెండు ప్రక్కలను 45 డిగ్రీల వాలున కోయించితిని. నేడు పెక్కు స్టాండ్లు దీనినే పట్టుకొనును. ఐతే దీనికి ముద్రిత ప్రమాణము లేదు. ఒక్కొక్కరి కొలత వెండ్రుకవాసి భేదించును. కావున మీట వాల్చి బిగించు స్టాండుకంటె మర త్రిప్పి బిగించు స్టాండే క్షేమము. అది ఆ వెండ్రుకవాసిని సర్దుకొనును. నిలువు చిత్రములకై ఎల్ అక్షరము వలె వంచిన ప్లేట్లును కలవు. పెద్దకెమేరాకు అవి వరములు. పావుకిలో బరువులేని పెట్టెకు అవి, బుడ్డోనికి తాతచొక్కా తొడిగినట్లుండును.

స్టాండుపై నా కెమేరాను చూచి నవ్వినవారికి నేను చెప్పు మాట యొకటి కలదు. ఈ పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన చలనచిత్ర దర్శకుడు బి.ఎన్. రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ తీయగా, దానికి కెమేరా పట్టిన ఇద్దఱిలో ఒకరు ఆయన తమ్ముడు కొండారెడ్డియే. ఆనాటి స్టూడియోలలోని పెద్ద కెమేరాలు ఒక్కడు చేతబట్టి తిరుగదగినవి కావు. బరువే వానికి స్థైర్యము. మన చేతిలోనివి తేలికవి గనుకనే, చిన్న వణకునకును చలించును. స్టాండు అక్కఱ వానికంటె వీనికి తక్కువయని తలచుట పొరపాటు.

ఇప్పుడు నా కెమేరాకు ముందు ఏటవాలు అంచుగల అల్యూమినియపు గ్రిప్పు, అడుగున లేతువాడు చేసిన ప్లేటు, మణికట్టునకు పట్టీ యున్నవి. ప్లేటు మందము వలన ఉంగరపువ్రేలికి పూర్తి తావు కలిగినది. చిటికెనవ్రేలు దాని క్రింద ముడుచుకొని ఆసరాగా నిలుచుచున్నది. గ్రిప్పులు, ప్లేట్లు కొనబోవువారికి నా విన్నపము ఒక్కటే: కెమేరాను వెంట తీసికొని పొండు, దుకాణములోనే బిగింపించి, బ్యాటరీ మూత తెరచి చూచి, పిదప జేబులో పెట్టుకొని చూడుడు. ఆ రెండింటిలో ఏది జరుగకున్నను, డబ్బు చెల్లింపకుడు.