లాటిన్ ధాతువులును కెనడాలోని మన బాలలును

మాంట్రియల్ నగర వీథులలో వాహనములను నిలుపు ఎఱ్ఱని అష్టకోణ ఫలకములపై, ఫ్రాన్సు దేశస్థులే స్టాప్ అను ఇంగ్లీషు మాటతో సరిపుచ్చుకొనుచుండగా, క్వెబెక్ వారు స్వభాషాభిమానముచేత "ఆరె" యను ఫ్రెంచి పదమును నిలుపుకొనిరి. ఆ పదపు వ్రాతలో ఒక అచ్చుపై చిన్న టోపీవంటి గుర్తు కనబడును. అది అలంకారము కాదు. ఒకప్పు డచ్చట నుండి, కాలక్రమమున లోపించిన సకారమునకు చిహ్నము. లోపించినదానిని మరల చేర్చితిమేని ఇంగ్లీషువారి "అరెస్ట్" ప్రత్యక్షమగును. "ఫొరె"లో ఫారెస్టును, "ఒపితాల్"లో హాస్పిటలును ఇట్లే బయటపడును. ఇంకొక మెట్టు దిగినచో "ఆద్", "రె" యను రెండు లాటిన్ ఉపసర్గలును, నిలుచుట యను అర్థము గల "స్తా" ధాతువును గోచరించును. ఆ ధాతువు మన స్థితి, స్థానము, సంస్థ మొదలగు మాటలలోని "స్థా"కు తోబుట్టువు. దారిప్రక్కని ఒక్క ఫలకము ఇంత వంశచరిత్రను చెప్పుచుండగా, పిల్లలచేత ఇంగ్లీషు మాటలను పట్టికలుగా వల్లె వేయించుట యెందులకో నాకు బోధపడదు.

మాటల పట్టికకు బదులు ధాతువుల పట్టికను వల్లె వేయించువారును కలరు. పోర్ట్ అనగా మోయుట, స్క్రిబ్ అనగా వ్రాయుట అని నూఱు ధాతువులను కంఠస్థము చేయించినను ఫలము స్వల్పమే. ఏలయన ధాతువు పదమధ్యమున నిజరూపముతో నిలుచుట అరుదు. అది ఎట్లు రూపు మార్చుకొనునో తెలిసికొనుటయే ఈ విద్యకు ప్రాణము. ఈ విషయమున తత్సమ పదములతో పెరిగిన తెలుగు బాలునకు గల సౌలభ్యము ఇంగ్లీషు మాత్రమే ఎఱిగిన తోటి బాలునకు లేదు.

జగత్తు, నాథుడు కలిసి జగన్నాథుడగుటయు, సత్, జనుడు కలిసి సజ్జనుడగుటయు మనకు తెలిసినవే. లాటిన్ ఉపసర్గలును అచ్చముగా ఇట్లే తమ చివరి హల్లును ముందున్న హల్లునకు అప్పగించును. "ఆద్" అనునది నెక్స్ ముందు "ఆన్" అయి అనెక్స్‌ను, ట్రాక్ట్ ముందు "ఆత్" అయి అట్రాక్ట్‌ను, ఫర్మ్ ముందు "ఆఫ్" అయి అఫర్మ్‌ను పుట్టించును. "ఇన్" అనునది లీగల్ ముందు "ఇల్" అగును. పిల్లలేగాక పెద్దలును తప్పుగా వ్రాయు అకామడేట్ అను మాటలో రెండు "సీ"లును రెండు "ఎమ్"లును ఉండుటకు హేతువు ఇదియే: అందు "ఆద్", "కోమ్" అను రెండుపసర్గలు "మోద్" అను ప్రాతిపదికముపై వరుసగా నిలిచినవి, మొదటిదాని దకారము కకారమైనది, రెండవదాని మకారము మకారమునే కలిసికొన్నది. సంధి విడదీయ నేర్చిన బాలునకు ఈ ద్విత్వములను బట్టీ పట్టవలసిన పని యేమున్నది?

ఉపసర్గ చేరినపుడు ధాతువులోని అచ్చు బలహీనమగుట మాత్రము మనకు కొంత కొత్త. పడుట యను అర్థముగల "కాద్" ధాతువు యాక్సిడెంటులోను ఇన్సిడెంటులోను "సిద్" అయినది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు లాటిన్ నినాదమునకు అస్తమయము లేని తేజస్సు అని అర్థము. అందలి అస్తమయ వాచకమైన "ఒక్కాసూ" అను మాటయు ఈ "కాద్" నుండి పుట్టినదే.

ఇక క్తాంతముల సంగతి. యుజ్ ధాతువు యుక్తమైనట్లే లాటిన్ "యుంగ్" ధాతువు "యుంక్త్" అగును. మన సంయుక్తము ఎట్టిదో వారి కంజంక్ట్ అట్టిదే, జంక్షనును ఆ కుటుంబములోనిదే. స్క్రైబ్ నుండి స్క్రిప్టును, సబ్మిట్ నుండి సబ్మిషనును ఏల వచ్చునో ఇచ్చట తెలియును. మన "గమ్"ను వారి "వెన్"ను చూపునకు ఏ పోలికయు లేనివైనను ఒకే మూలమునుండి వచ్చినవి. ఆగమనమునకు అడ్వెంటును, సంగమమునకు కన్వెన్షనును సరిజోడు. ఈ రెండు భాషల బాంధవ్యమునే 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు ప్రకటించెను.

కెనడా దేశమున లాటిన్ అజ్ఞాతవాసము చేయుచున్నదే గాని అంతరించలేదు. నోవా స్కోషియా యను పేరు 1621 నాటి లాటిన్ శాసనమునుండి వచ్చినది. అందలి "నోవా" మన "నవ"యే. 1921లో స్వీకరింపబడిన జాతీయ చిహ్నముపై సముద్రమునుండి సముద్రము వఱకు అను అర్థముగల నినాదము లాటిన్‌లోనే యున్నది. అందలి "మారే" నుండియే మెరైన్, సబ్‌మెరైన్ పుట్టినవి, తూర్పు తీరపు మూడు రాష్ట్రములకు మారిటైమ్స్ అను పేరు వచ్చినది. జెసూట్లు 1635లో క్వెబెక్ నగరమున విద్యాలయము స్థాపించిన నాటినుండి అచ్చటి విద్యకు లాటినే వెన్నెముక; తరువాతి క్లాసికల్ కళాశాలలలో తరగతులకు అంకెలు గాక సింటాక్స్, వెర్సిఫికేషన్, రెటోరిక్ అను పేర్లుండెడివి. పేరెంట్ అను నాయన పేర వెలసిన విద్యావిచారణ సంఘపు సిఫారసులతో 1967లో సెజెప్ అను ప్రభుత్వ కళాశాలలు ఏర్పడి ఆ పద్ధతిని తొలగించినవి. కొద్దిమందికే పరిమితమైన ఆ విద్య సర్వజనులకు తగినది కాదనుట నిజమే. కాని దానితోపాటు ధాతుదృష్టిని కూడ విడిచిపెట్టుట అవివేకమని నా యభిప్రాయము.

నేడు ఆంటారియోలోని ఇంగ్లీషు పాఠశాలలలో నాలుగవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు ఫ్రెంచి నిర్బంధ పాఠ్యము. బ్రాంప్టన్‌లోని మన బాలుడు ఇంటిలో తత్సమములతో నిండిన తెలుగును, బడిలో లాటిన్ పుత్రికయగు ఫ్రెంచిని, ఆ ఫ్రెంచికి ఋణపడిన ఇంగ్లీషును ఏకకాలమున వినుచున్నాడు. ఈ మూడింటిని కలిపి చూపువారు లేకుండుటయే లోపము.

జాగ్రత్తయు అవసరమే. పెడెస్ట్రియన్‌లోని "పెడ్" లాటిన్ వారి పాదము. పీడియాట్రిక్‌లోనిది గ్రీకువారి శిశువు. ఇన్‌ఫ్లేమబుల్‌లోని "ఇన్" నిషేధార్థకము కాదు, మండునది యనియే దాని యర్థము. హ్యాండ్, బ్రెడ్, హౌస్ వంటి ఇంటిమాటలకు లాటిన్ మూలము వెదకుట, మన కన్ను, చేయి, ఇల్లు మొదలగువానిని సంస్కృతమునుండి పుట్టించ జూచుటవంటిదే. 1816లో క్యాంబెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణపు పీఠికకు తాను చేర్చిన టిప్పణిలో ఎల్లిస్ దొర తెలుగు ధాతువులు సంస్కృతజన్యములు కావని నిరూపించెను. కావున వారాంతపు తెలుగు తరగతులలో ఒక్కొక్క నాడు ఒక్కొక్క ధాతువును గైకొని, వ్యుత్పత్తులు గల నిఘంటువును పిల్లల చేతికిచ్చి, ఏ మాట ఏ కుటుంబములోనిదో వారినే తేల్చుకొననిచ్చుట మంచిది.