చెవితో నడిపే బండి

ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీలో డ్రైవరు పక్కన కూర్చుని గమనించారా? గేరు మార్చేముందు అతను మీటరు చూడడు. ఇంజను మూలగడం మొదలవగానే చెయ్యి గేరు రాడ్డు మీదకు పోతుంది. బండి నడపడంలో సగం విద్య చెవిదే.

కంప్యూటర్‌లో రేసు కారు నడిపేవాడికి ఈ విద్య ఇంకా ఎక్కువ అవసరం. నిజం కారులో వెనక చక్రాలు జారితే ముందు తెలిసేది నడుముకి. కదలని కుర్చీలో ఆ కబురు అందదు. ఆట కోసం బిగించుకున్న స్టీరింగు ముందు చక్రాల సంగతి కొంత చెబుతుంది. కన్ను రాబోయే మలుపు మీద ఉంటుంది. మిగతా భారమంతా చెవి మీద పడుతుంది. సౌండ్ కార్డు మార్చుకోవడమంటే మోత పెంచుకోవడం అనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: మనకు కావలసింది మోత కాదు, కబురు.

1998లో పాపిరస్ సంస్థ ‘గ్రాండ్ ప్రీ లెజెండ్స్’ అనే ఆట తెచ్చింది. అందులో 1967 నాటి ఫార్ములా వన్ కార్లుంటాయి. అప్పటికింకా కార్లకు రెక్కలు రాలేదు. సన్నటి టైర్ల మీద జారుతూ జారుతూనే మలుపు తిరగాలి. లోటస్ 49లో ఎనిమిది సిలిండర్ల కాస్‌వర్త్ ఇంజను, ఈగిల్‌లో పన్నెండు సిలిండర్ల వెస్లేక్. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిమిషానికి 9,000 చుట్ల దగ్గర మొదటిది సెకనుకు 600 సార్లు, రెండోది 900 సార్లు పేలుతుంది. రెండుకి మూడు. అంటే మొదటిది షడ్జమం పలికితే రెండోది పంచమం పలుకుతుంది! మన బుల్లెట్ ఒంటి సిలిండరు వెయ్యి చుట్ల దగ్గర సెకనుకు ఎనిమిది పైచిలుకు మాత్రమే పేలుతుంది కాబట్టి స్వరం కట్టదు, డుగ్‌డుగ్‌మని లెక్కపెట్టుకునేలా వినిపిస్తుంది.

ఇంజను స్వరం గేరుకి. టైరు కూత మలుపుకి. చాలా ఆటల్లో కూత సన్నగా సాగుతున్నంతసేపు టైరుకి పట్టు ఉన్నట్టే. అది కేకగా మారిందా, పట్టు చేజారింది. ఆరితేరినవాళ్ళు ఈ రెంటి మధ్య అంచు మీదే మలుపంతా గడుపుతారు. ఇంజను హోరు కింద ఆ సన్నటి కూత విడిగా వినిపించాలి. సౌండ్ కార్డుకి అసలు పరీక్ష అక్కడే.

ఆ ఆట వచ్చిన రోజుల్లో కార్డు మార్చడానికి ఇంకో కారణం కూడా ఉండేది. చవక కార్డులు శబ్దాలు కలిపే పనంతా ప్రాసెసర్ నెత్తిన వేసేవి. రేసు మొదట్లో కార్లన్నీ ఒక్కసారి రొద పెట్టగానే బొమ్మ కుంటేది. 1998లోనే వచ్చిన క్రియేటివ్ వారి సౌండ్ బ్లాస్టర్ లైవ్ ఆ పనిని తన చిప్ మీద వేసుకుంది. దానికి పోటీగా ఆరియల్ వోర్టెక్స్ 2 శబ్దం గోడలకు తగిలి తిరిగొచ్చే తీరును కూడా లెక్కకట్టేది. 2000లో ఆరియల్ దివాలా తీస్తే దాని ఆస్తుల్ని కొన్నది ప్రత్యర్థి క్రియేటివే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీలో నేను కొన్న మొదటి కార్డు సెకండ్ హ్యాండ్‌ది. డ్రైవర్ల సీడీ అడగడం మరిచిపోయాను. డ్రైవరు లేని కార్డుతో కారు నడుపుదామనుకున్నానన్నమాట.

2007లో విండోస్ విస్టా వచ్చి, ఆటలు డైరెక్ట్‌సౌండ్ ద్వారా కార్డు చిప్‌తో నేరుగా పని చేయించుకునే దారి మూసేసింది. ఇప్పుడు కలపడమంతా ప్రాసెసర్‌దే, దానికది లెక్కలోది కాదు. మరి కార్డు దేనికి? శుభ్రతకు. మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్‌కి పక్కనున్న గ్రాఫిక్స్ కార్డు గోల అంటుకోవచ్చు. నా మెషీన్‌లో రేసు మొదలవగానే హెడ్‌ఫోన్స్‌లో సన్నగా ఒక ఈల వినిపించేది. రేసు కార్ల గేర్‌బాక్సులు నిజంగానే కూస్తాయి కనుక మూడు నెలలు దాన్ని మెచ్చుకుంటూ విన్నాను. ఒకరోజు కారు ఆపి మౌస్ కదిపితే ఈల కూడా కదిలింది.

అలాంటి ఈల లేకపోతే డబ్బు తగలేయకండి. ముందు ఆటలోనే ఇంజను శబ్దం తగ్గించి, టైర్ల శబ్దం పెంచి చూడండి. విండోస్‌లో ‘లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్’ ఉంటే తీసేయండి. అది చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే ఎత్తుకు తెస్తుంది, కూత కేకగా మారిన సంగతి దాచేస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు. వాటిలో కొన్నింటి ఆలస్యం సెకనులో ఐదో వంతు దాకా ఉంటుంది. 200 కిలోమీటర్ల వేగంలో ఆ లోపు కారు 11 మీటర్లు పోతుంది. కూత వినిపించేసరికి మీరు గడ్డిలో ఉంటారు.

ఈల ఉంటే సులువైన దారి యూఎస్‌బీతో బయట తగిలించే డాక్ (అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే డబ్బా). లోపలి కార్డే కావాలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ది తీసుకుని, గ్రాఫిక్స్ కార్డుకి వీలైనంత దూరపు స్లాట్‌లో పెట్టండి. పాత పీసీఐ కార్డులు కొత్త బోర్డుల్లో పట్టవు. 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ వాడేవాళ్ళకు గట్టి యాంప్లిఫయర్ ఉన్న కార్డు అవసరమే. 32 ఓమ్‌ల వాటికి ఆ బెంగ అక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ కోసం శబ్దాన్ని చుట్టూ తిప్పే ఏర్పాటు ఆటలో ఉంటే కార్డులోది ఆపేయండి. ఒకే పని ఇద్దరు చేస్తే వెనకొచ్చే కారు ఎటువైపుందో తెలియదు.

బోర్డు మీది పాత చిప్‌ను బయోస్‌లో ఆపేయమని చాలామంది చెబుతారు. నేను ఆపలేదు. దాన్నుంచి ఒక యాంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి కుర్చీ అడుగున బిగించిన బాస్ షేకర్‌కి తీగ లాగాను. సిమ్‌హబ్ అనే సాఫ్ట్‌వేర్ ఆట నుంచి సమాచారం తీసుకుని, బ్రేకు కింద చక్రం బిగుసుకున్నా, ట్రాక్ అంచు గట్టు ఎక్కినా ఆ చిప్ ద్వారా కుర్చీని వణికిస్తుంది. నడుముకి అందని కబురు ఇన్నాళ్ళకు అందింది.

మర్నాడు కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆపి అడిగింది: “రాత్రి పదకొండింటికి పిండి రుబ్బుతున్నారేంటండీ?”