‘గ్రహ’ శబ్దం: వ్యుత్పత్తి, అర్థపరిణామం

‘ఆకర్షించేది కాబట్టి గ్రహం’ అనే నిర్వచనం ఇటీవల తరచుగా వినిపిస్తోంది. ‘గ్రహ్’ ధాతువులోనే గురుత్వాకర్షణ భావన ఇమిడి ఉందనీ, ప్రాచీనులు ఆ సంగతి ఎరిగే ఈ పేరు పెట్టారనీ ఈ వాదం. శబ్దప్రయోగ చరిత్ర దీనిని ఎంతవరకు సమర్థిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘గ్రహ్’ ధాతువుకు పట్టుకొనుట, స్వీకరించుట అని అర్థం. ఈ ధాతువుపై కర్త్రర్థంలో ‘ణ’ ప్రత్యయాన్ని పాణిని వికల్పంగా విధించాడు (అష్టాధ్యాయి 3.1.143). అందువల్ల గ్రాహ, గ్రహ అనే రెండు రూపాలు సిద్ధిస్తాయి. కాశికావృత్తి వీటిని అర్థాన్ని బట్టి వేరుచేసింది: జలచరమైతే గ్రాహం, జ్యోతిస్సైతే గ్రహం. గజేంద్రుని కాలు పట్టిన మొసలికీ, ఆకాశంలోని శనికీ ఆ పేర్లు ఒకే క్రియవల్ల వచ్చాయి. ఆ క్రియ పట్టడమే కాని లాగడం కాదు. లాగడానికి సంస్కృతంలో ‘కృష్’ ధాతువు వేరుగా ఉంది. ‘ఆకర్షణ’ దాని నుంచి పుట్టినదే.

ప్రయోగాలూ దీనినే బలపరుస్తాయి. సుశ్రుతసంహిత శిశువులను పీడించే తొమ్మిది బాలగ్రహాలను పేర్కొంది. స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలైన ఈ గ్రహాలు ఆకాశగోళాలు కావు. నవగ్రహాలలోని రాహుకేతువులు సిద్ధాంతజ్యోతిషంలో చంద్రమార్గం క్రాంతివృత్తాన్ని ఖండించే బిందువులు. ద్రవ్యరాశి లేని బిందువుకు ఆకర్షణ ఉండదు. ఆకర్షణే గ్రహలక్షణమైతే ముందుగా లెక్కకు రావలసిన భూమికి నవగ్రహాలలో చోటు లేదు. భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో భూమికి ఆకర్షణశక్తిని చెప్పినప్పుడు వాడినది ‘ఆకృష్టి’ శబ్దాన్ని. ఆ శక్తి ఉన్నందువల్ల భూమిని ఆయన గ్రహమనలేదు.

తెలుగు ఈ ధాత్వర్థాన్ని తన క్రియతోనే నిలుపుకొంది. గ్రహణం పడుతుంది, విడుస్తుంది. శని పడుతుంది, వదులుతుంది. దయ్యమూ అంతే. ఖగోళఘటనకూ, కాలవైపరీత్యానికీ, భూతావేశానికీ పట్టు-విడుపుల జంట ఒక్కటే. ‘గ్రహచారం’ ఇంకా ఆసక్తికరం. సమాసార్థం గ్రహాల సంచారం మాత్రమే. వాడుకలో అది దురదృష్టం. సంచారార్థాన్ని పీడార్థం మింగివేసింది. గ్రీకులు ఈ జ్యోతిస్సులను ‘సంచారులు’ అన్నారు. ‘ప్లానెట్’ ఆ మాట నుంచే వచ్చింది. అక్కడ పేరుకు ఆధారం కంటికి కనిపించే చలనం. ఇక్కడ మనుషులు అనుభవించామనుకొన్న పట్టు.

సిద్ధాంతం మారినా పదం నిలిచింది. గ్రహణాలకు కారణం ఛాయ అని 499 నాటి ఆర్యభటీయం వివరించింది. అయినా పట్టడాన్ని సూచించే ‘గ్రహణ’ శబ్దం వాడుకలో కొనసాగింది. ఆధునిక విజ్ఞానరచనలో ‘ప్లానెట్’కు సమానార్థకమయ్యాక ‘గ్రహ’ శబ్దపరిధి మారింది: సూర్యచంద్రులు, రాహుకేతువులు తొలగిపోగా భూమి చేరింది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం చేసిన నిర్వచనంతో ప్లూటో మరుగుజ్జు గ్రహమైంది. ఈ పరిధిని నిర్ణయించినది శాస్త్రం. వ్యుత్పత్తికి అందులో పాత్ర లేదు.

కాబట్టి గురుత్వాకర్షణ వ్యుత్పత్తి నేటి అర్థాన్ని నిన్నటి ధాతువుపై ఆరోపించడమే అవుతుంది. దానివల్ల ‘ఆకృష్టి’ని వేరుగా గుర్తించిన భాస్కరుని సూక్ష్మదృష్టి కూడా మరుగునపడుతుంది. నిఘంటువులు ‘పట్టి పీడించునది’, ‘సూర్యుని చుట్టూ తిరిగే గోళం’ అనే అర్థాలను వాటి కాలక్రమంతో విడివిడిగా చూపడం అవసరం.